ఒంట్లో గంధకం లెక్క

కొవ్వు మిగిలితే ఒళ్ళు దాచుకుంటుంది. చక్కెర మిగిలితే కొంత కాలేయంలో, కొంత కండల్లో గ్లైకోజెన్‌గా నిలవ చేసుకుంటుంది. మాంసకృత్తులు అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలకు మాత్రం అలా దాచుకునే చోటంటూ లేదు. ఒంటి కట్టుబడికి కావలసినంత వాడుకున్నాక, మిగిలినదాన్ని విరగ్గొట్టి బయటికి పంపాల్సిందే. మాంసకృత్తుల్లో ఉండే ఇరవై అమైనో ఆమ్లాల్లో గంధకం ఉన్నవి రెండు: మిథియోనిన్, సిస్టీన్. ఈ రెంటి దగ్గర ఆ పని కత్తిమీద సాము. తక్కువైతే జుట్టు, గోళ్ళు, కండ, కణాలను కాపాడే గ్లూటాథయోన్ అన్నీ కుంటుపడతాయి. ఎక్కువైతే సిస్టీన్ తానే విషమవుతుంది. లోహాలతో జట్టుకట్టి, ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, నాడీకణాలను దెబ్బతీస్తుంది. వీటిని విరిచే ఎంజైములను ఎప్పుడు పనిలోకి దించాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో ఒళ్ళు తేల్చుకునే తీరు, నా మటుకు నాకు, జీవరసాయన శాస్త్రంలో నిలబడి చూడవలసిన పనితనం.

రాయచూరు జిల్లా తిండిని దగ్గర పెట్టుకుని చూస్తే ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. ఒకవైపు కృష్ణ, ఒకవైపు తుంగభద్ర, నడుమ మెట్ట. మామూలు రోజున పళ్ళెంలో జొన్న రొట్టె, కందిపప్పు, పుంటికూర, పల్లీల పొడి. సింధనూరు, మాన్వి వైపు కాలువ కింద తెలుగు రైతుల క్యాంపుల్లో అయితే అన్నం, పప్పు, పచ్చడి, చారు. జొన్నలో లైసీన్ తక్కువ, కందిలో గంధకపు అమైనో ఆమ్లాలు తక్కువ. రెండూ ఒక పళ్ళెంలో చేరితే ఒకదాని లోటును ఒకటి కొంత పూడుస్తుంది. సంక్రాంతికి ఈ వైపు సజ్జ రొట్టెల మీద నువ్వులు అద్దుతారు. నువ్వుల్లో మిథియోనిన్ బాగా ఉంటుంది, పప్పు లోటు అక్కడ తీరుతుంది. ఏ పుస్తకం చదివీ కాదు, తరతరాల నాలుక కుదిర్చిన జోడీ అది.

ఇక జాతర రోజు సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2007లో వెలువరించిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల గంధకపు అమైనో ఆమ్లాలు చాలు. 60 కిలోల మనిషికి 900 మిల్లీగ్రాములు. పావుకిలో వేటమాంసం తిన్నాడంటే రెండు రోజులకు సరిపడేది ఒక్క పూటలో లోపలికి పోయినట్టే. కూలి దొరకని వారంలో అదే మనిషి రొట్టె, మిరప్పొడితో సరిపెట్టుకుంటాడు. పైన ఇంత ఎగుడుదిగుడు ఉన్నా లోపల కాలేయంలో విడిగా తిరిగే సిస్టీన్ గ్రాముకు సుమారు 20 నుంచి 100 నానోమోల్‌ల మధ్యనే నిలబడుతుంది. ఎలుకల మీద చేసిన పరిశీలనల్లో తేలిన అంకె ఇది. చాలీచాలని తిండి పెట్టినా, అవసరానికి మించి పెట్టినా కాలేయం ఆ హద్దు దాటనివ్వలేదు.

మిథియోనిన్ దగ్గర మొదలుపెడదాం. కణంలో అది, శక్తిని మోసే ఏటీపీతో కలిసి ఎస్-అడెనోసిల్ మిథియోనిన్ అవుతుంది. పేరు పొడుగు గనుక శాస్త్రజ్ఞులు అడోమెట్ అంటారు, మనమూ అలాగే అందాం. 1950ల తొలినాళ్ళలో జూలియో కాంటోని గుర్తించిన ఈ పదార్థం ఒంట్లో మిథైల్ గుంపులను పంచిపెట్టే పెద్ద దాత. డీఎన్ఏ మీద గుర్తులు పడాలన్నా, క్రియాటిన్ తయారవ్వాలన్నా, అడ్రినలిన్ పుట్టాలన్నా మిథైల్ ఇదే ఇవ్వాలి. దీన్ని తయారుచేసే ఎంజైమ్ తక్కిన అవయవాల్లో ఒక రకం, కాలేయంలో ఇంకో రకం. తక్కిన చోట్ల ఉన్నది కొద్దిపాటి మిథియోనిన్ దొరికినా పని మొదలుపెడుతుంది. అడోమెట్ చాలినంత తయారవగానే ఆ అడోమెటే దాన్ని అణిచేస్తుంది. ఎంజైముల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి ఇదే. కాలేయంలోని రకం దీనికి పూర్తిగా అడ్డం తిరిగింది. మిథియోనిన్ కొద్దిగా ఉన్నంతసేపు పెద్దగా కదలదు. భోజనం తర్వాత మిథియోనిన్ ఒక్కసారిగా వచ్చిపడితే అప్పుడు లేస్తుంది. అడోమెట్ పేరుకుంటున్న కొద్దీ ఆగడానికి బదులు ఇంకా వేగం పుంజుకుంటుంది. తక్కిన అవయవాలు తమకు కావలసిందే చేసుకుంటాయి, కాలేయం అందరి తరఫునా మిగులును మింగుతుంది. ఒంట్లో జరిగే మిథైల్ బదిలీల్లో 85 శాతం దాకా కాలేయంలోనే జరుగుతాయని అంచనా. రసాయన చర్య ఒక్కటే. ఎంజైమ్ నిర్మాణంలో కొద్ది తేడాతో దాని స్వభావం తలకిందులైంది. ఈ చిన్న తేడా లేకపోతే జాతర మర్నాడు రక్తంలో మిథియోనిన్ దిగేదే కాదు.

మిథైల్‌ను ఇచ్చేశాక అడోమెట్‌లో మిగిలేది కొన్ని మెట్ల తర్వాత హోమోసిస్టీన్ అవుతుంది. 1932లో విన్సెంట్ డు విగ్నో బృందం మిథియోనిన్‌ను గాఢ గంధకికామ్లంతో కాచి మొదట చూసింది దీన్నే. గంధకం ఉన్న జీవపదార్థాల మీద చేసిన కృషికి ఆయనకు 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. హోమోసిస్టీన్ దగ్గర దారి చీలుతుంది. ఒక దారి వెనక్కి, మళ్ళీ మిథియోనిన్‌గా. రెండోది ముందుకు, సిస్టీన్ వైపు. ఆ ముందు దారిలో పడ్డ గంధకం మనుషుల ఒంట్లో ఇక మిథియోనిన్ కాలేదు. తుంగభద్ర ఎడమ కాలువ మీద లస్కరు ప్రధాన కాలువలో నీటిమట్టం చూసి తూము తలుపు ఎత్తుతాడు, దించుతాడు. చేలోకి దిగిన నీరు తిరిగి కాలువలోకి రాదు గనుక ఎప్పుడు ఎత్తాలన్నదే అసలు విద్య. ఇక్కడ నీటిమట్టం అడోమెట్.

అడోమెట్ ఎక్కువగా ఉందంటే ఒంటికి మిథియోనిన్ చాలినంత ఉన్నట్టు. అప్పుడు అది ముందు దారిలోని మొదటి ఎంజైమ్‌కు, సిస్టాథయోనిన్ బీటా సింథేజ్‌కు అతుక్కుని దాని వేగం కొన్ని రెట్లు పెంచుతుంది. అదే సమయంలో వెనక్కి వెళ్ళే దారికి కావలసిన మిథైల్ ఫోలేట్‌ను తయారుచేసే ఎంజైమ్‌ను నొక్కిపెడుతుంది. ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మూడో ముడి. కాలేయంలో గ్లైసీన్‌కు మిథైల్ అంటించి సార్కోసీన్ చేసే ఎంజైమ్ ఒకటి సమృద్ధిగా ఉంది. సార్కోసీన్‌తో ఒంటికి చెప్పుకోదగ్గ అవసరం లేదు. ఆ ఎంజైమ్ ఉన్నదే మిగులు అడోమెట్‌ను ఖర్చుచేయడానికి. దాన్ని కట్టి ఉంచేది మిథైల్ ఫోలేట్. అంటే అడోమెట్ పెరిగి మిథైల్ ఫోలేట్ తయారీని తగ్గిస్తే, ఆ తగ్గుదలతోనే సార్కోసీన్ ఎంజైమ్ కట్టు తెగి మిగులు ఖర్చయిపోతుంది. అడోమెట్ పడిపోతే మిథైల్ ఫోలేట్ పెరిగి ఆ వృథా ఖర్చు తనంతట తానే ఆగుతుంది, హోమోసిస్టీన్ వెనక్కి మళ్ళుతుంది. పైనుంచి అజమాయిషీ చేసే అధికారి ఎవరూ లేరు. దారిలో తిరిగే పదార్థాలే ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని దారిని నడుపుతున్నాయి.

ఆ ఫోలేట్ పేరు వస్తే తెలుగువాళ్ళు ఒక్క నిమిషం ఆగాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనను నడిపించిన కాలంలోనే, 1945లో, ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీ ప్రకటన వెలువడింది. స్ప్రూ జబ్బు ఆయన ఇంట్లోనే తోబుట్టువును పొట్టనపెట్టుకుంది. దానికి మందు వెతకాలన్న పట్టుదల ఆయన్ను చివరిదాకా వదల్లేదు. ఫోలిక్ ఆమ్లం స్ప్రూకూ, గర్భిణుల రక్తహీనతకూ మందయింది. హోమోసిస్టీన్‌ను వెనక్కి మళ్ళించడంలో దాని పాత్ర తర్వాతి తరం పరిశోధకులు విప్పిచెప్పారు. 1948లో ఆయన పోయేనాటికి ఈ కూడలి బొమ్మ ఇంకా పూర్తి కాలేదు. పుంటికూరలోనూ, కందిపప్పులోనూ ఉండి మన కాలేయంలో ఈ తూమును నడిపే పదార్థాన్ని సీసాలోకి తెచ్చిన బృందానికి పెద్ద మనవాడు.

ముందు దారిలోని ఆ సింథేజ్‌ను ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకుని చూడాలి. 551 అమైనో ఆమ్లాల గొలుసు అది, జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉంది. దాని పనిచోట బి6 విటమిన్ రూపం ఒకటి కూర్చుని ఉంటుంది, హోమోసిస్టీన్‌నూ సెరీన్‌నూ కలిపేది అదే. ముందు భాగంలో రక్తాన్ని ఎర్రగా ఉంచే హీమ్ ఉంది, ఎంజైముల్లో ఈ రెండూ ఒకేచోట ఉండడం చాలా అరుదు. గొలుసు చివర తోకలాంటి భాగం ముడుచుకుని పనిచోటు మీదికి వాలి, ఎంజైమ్‌ను సగం నిద్రలో ఉంచుతుంది. అడోమెట్ వచ్చి ఆ తోకకు అతుక్కుంటే తోక పక్కకు జరుగుతుంది, పనిచోటు తెరుచుకుంటుంది. ప్రయోగశాలలో తోకను మొత్తంగా కత్తిరించి చూస్తే ఎంజైమ్ అడోమెట్ అవసరమే లేకుండా పూర్తి వేగంతో పనిచేసింది. ఆ తోక పని చేయించడానికి పెట్టింది కాదు, ఆపడానికి పెట్టింది. తిండి తక్కువైన రోజున మిథియోనిన్ ముందు దారిలో పడి చేజారిపోకుండా కాసేది ఆ ముడుచుకున్న చివరే.

ఈ ఎంజైమ్ పుట్టుకతోనే చెడిపోతే వచ్చే జబ్బు హోమోసిస్టినూరియా. 1962లో బెల్‌ఫాస్ట్‌లో నీనా కార్సన్, డెస్మండ్ నీల్ మానసిక ఎదుగుదల లేని పిల్లల మూత్రం పరీక్షిస్తుండగా బయటపడింది. అదే ఏడు అమెరికాలోని విస్కాన్సిన్‌లోనూ విడిగా గుర్తించారు. 1964లో హార్వీ మడ్ బృందం లోపం ఈ సింథేజ్‌దేనని చూపింది. కంటి కటకం జారిపోవడం, కాళ్ళూ చేతులూ సన్నగా పొడుగ్గా సాగడం, చిన్న వయసులోనే రక్తనాళాల్లో గడ్డలు కట్టడం దీని గుర్తులు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండూ చేరితేనే జబ్బు పైకి తేలుతుంది. మేనరికాలు మామూలైన మన వైపు, అటు తెలుగుదేశంలోనూ ఇటు కన్నడ సీమలోనూ, డాక్టర్లు దీన్ని మనసులో ఉంచుకోవలసిన కారణం అదే. ఈ బాధితుల్లో సుమారు సగం మందికి బి6 విటమిన్ పెద్ద మోతాదులో ఇస్తే హోమోసిస్టీన్ దిగుతుంది. ఎంజైమ్ పూర్తిగా పోలేదు, వంకర తిరిగింది. సహాయకులు ఎక్కువమంది వస్తే మళ్ళీ కొంత నిలబడుతుంది. చిన్నప్పుడే పట్టుకుంటే ఆ పిల్లల చూపు, తెలివి చాలావరకు దక్కుతాయి.

హోమోసిస్టీన్ పేరు బయటి లోకంలో మోగింది మాత్రం గుండెజబ్బుల వల్ల. 1969లో కిల్మర్ మెక్‌కల్లీ వేర్వేరు లోపాలున్న ఇద్దరు పిల్లల ధమనులను పక్కపక్కన పెట్టి చూసి, రెంటిలోనూ ఉమ్మడిగా ఉన్నది హోమోసిస్టీన్ పెరుగుదలేనని వాదించాడు. తర్వాత విటమిన్లతో దాన్ని దించి చూసిన పెద్ద పరీక్షల్లో, 2006లో ఫలితాలొచ్చిన వాటితో సహా, గుండెపోట్లు ఆశించినట్టు తగ్గలేదు. అందుకని పరీక్ష కాగితంలో హోమోసిస్టీన్ కొంచెం ఎక్కువ కనబడగానే గుండె ఆగిపోతుందని బెంగపడనక్కర్లేదు. మన దగ్గర ఆ అంకె పెరగడానికి తరచు కారణం బి12 లోటు. పాలు, మాంసం, గుడ్డు అందని ఇళ్ళలో హోమోసిస్టీన్ వెనక్కి వెళ్ళే దారి, అది బి12 మీద నడిచేది గనుక, మూసుకుపోతుంది. పుణె ప్రాంతంలో జరిగిన పరిశోధనల్లో బి12 లోటు ఎంత విస్తారంగా ఉందో తేటతెల్లమైంది. అది చూడాల్సిన లోటు, సులువుగా తీర్చగల లోటు.

ఇప్పుడు సిస్టీన్. పనితనమంతా ఇక్కడ ఉంది.

సిస్టీన్‌ను విరిచే ముఖ్యమైన ఎంజైమ్ సిస్టీన్ డయాక్సిజనేజ్. 200 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, నడుమ ఒకే ఒక్క ఇనుప పరమాణువు. దాన్ని మూడు హిస్టిడిన్‌లు మూడువైపుల నుంచి పట్టుకుని ఉంటాయి. ఈ జాతి ఇనుప ఎంజైముల్లో మామూలుగా రెండు హిస్టిడిన్‌లు, ఒక ఆమ్లపు గుంపు ఉంటాయి, ఇక్కడ మూడూ హిస్టిడిన్‌లే. గాలి నుంచి వచ్చిన ఆక్సిజన్ పరమాణువులు రెంటినీ సిస్టీన్‌లోని గంధకానికి తగిలించడం దీని పని. అలా తగిలించాక ఆ గంధకం ఇక చురుకుగా అల్లరి చేయలేదు. ఒకటి టారిన్‌గా పైత్యరసంలోకి, లేదా సల్ఫేట్‌గా మూత్రంలోకి పోవడమే దాని దారి.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మార్తా స్టిపానక్ బృందం ఏళ్ళ తరబడి ఈ ఎంజైమ్‌నే పట్టుకుని కూర్చుంది. ఎలుకలకు మాంసకృత్తులు తక్కువున్న మేత పెడితే కాలేయంలో ఈ ఎంజైమ్ దాదాపు కనిపించదు. ఎక్కువ పెడితే కొన్ని గంటల్లోనే ఎన్నో రెట్లు పెరుగుతుంది. చదువుకున్న ఎవరైనా ముందుగా అనుకునేది, తిండి చూసి జన్యువు మేల్కొని ఎక్కువ ఎంజైమ్ తయారుచేస్తోందని. చూస్తే, జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్ఏ రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకటే. తయారీలో మార్పు లేదు. మరి ఎంజైమ్ ఎక్కడినుంచి వస్తోంది?

జవాబు కణాలను గిన్నెలో పెంచి చూస్తే దొరికింది. కాలేయ కణాల్లో ఈ ఎంజైమ్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. తయారైన వెంటనే దానికి యుబిక్విటిన్ అనే చిన్న మాంసకృత్తు గొలుసుగా అతుక్కుంటుంది. ఆ గుర్తు పడ్డదాన్ని ప్రోటియాజోమ్ లోపలికి లాగి ముక్కలు చేస్తుంది. పనికిరాని మాంసకృత్తులను గుర్తుపెట్టి తొలగించే ఈ ఏర్పాటును కనిపెట్టినందుకు ఆరన్ చీకనోవర్, అవ్రామ్ హెర్ష్‌కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో నోబెల్ ఇచ్చారు. గిన్నెలో ప్రోటియాజోమ్‌ను మందుతో ఆపేస్తే, సిస్టీన్ లేకున్నా ఎంజైమ్ పేరుకుంది. ఏ మందూ లేకుండా సిస్టీన్ పోసినా పేరుకుంది. అంటే సిస్టీన్ వచ్చి చేసే పని తయారీని పెంచడం కాదు, కూల్చివేతను ఆపడం. తనను విరిచే ఎంజైమ్ ప్రాణం నిలిపేది ఆ సిస్టీనే.

ఈ మాట ఎలా రుజువైందో చెప్పకపోతే అన్యాయం. గిన్నెలో సిస్టీన్ బదులు మిథియోనిన్ పోసినా ఎంజైమ్ పెరిగింది. మరి గుర్తు మిథియోనినా, సిస్టీనా? మిథియోనిన్ నుంచి సిస్టీన్ పుట్టే చివరి మెట్టును ప్రొపార్జిల్‌గ్లైసీన్ అనే మందుతో మూసేశారు. అప్పుడు మిథియోనిన్ పోసినా ఎంజైమ్ పెరగలేదు, సిస్టీన్ పోస్తే పెరిగింది. ఒక్క మూతతో సందేహం తీరిపోయింది. ఇలాంటి శుభ్రమైన ప్రయోగం చదివినప్పుడు కలిగే తృప్తి నాకు మంచి కథ చదివినప్పటి తృప్తికి ఏమాత్రం తీసిపోదు.

ఇంకో మెట్టు ఉంది. మాంసకృత్తులను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద ఈ ఎంజైమ్‌ను పరిచి చూస్తే ఒకదాని కింద ఒకటి, దగ్గర దగ్గరగా రెండు గీతలు కనిపిస్తాయి. ఒకే జన్యువు, ఒకే గొలుసు, అయినా రెండు గీతలు. ఎలుక ఎంజైమ్, చుంచెలుక ఎంజైమ్‌ల స్ఫటిక నిర్మాణాలు 2006లో బయటికి వచ్చాక కారణం కంటికి కనిపించింది. గొలుసులో 93వ చోట ఉన్న సిస్టీన్, 157వ చోట ఉన్న టైరోసీన్, ఇనుము పక్కనే, ఒకదానితో ఒకటి గట్టి బంధంతో కలిసిపోయి ఉన్నాయి. కలిసిన గొలుసు బిగుసుకుని జెల్‌లో కొంచెం ముందుకు పరుగెడుతుంది, అదే కింది గీత. ఈ బంధాన్ని వేయడానికి వేరే ఎంజైమ్ ఏదీ లేదు. సిస్టీన్, ఆక్సిజన్, ఇనుము మూడూ ఉన్నప్పుడు ఎంజైమ్ తన పని తాను చేసుకుంటూ, వందలసార్లు సిస్టీన్‌ను మార్చాక, ఏదో ఒక తడవ ఆ బంధం తనలోనే వేసుకుంటుంది. వేసుకున్నాక దాని సామర్థ్యం సుమారు పది రెట్లు పెరుగుతుంది. పని చేసే కొద్దీ పదునెక్కే పనిముట్టు.

రెండూ కలిపి చూడండి. కూల్చివేత ఆగడం వల్ల ఎంజైమ్ పరిమాణం 45 రెట్ల దాకా మారగలదు. బంధం పడడం వల్ల ఒక్కొక్క అణువు సామర్థ్యం 10 రెట్ల దాకా మారగలదు. కలిస్తే 450 రెట్లు. జాతర భోజనం చేసినవాడి కాలేయం, ఆకలి వారంలో ఉన్నవాడి కాలేయం మధ్య తేడా ఆ స్థాయిలో ఉండగలదు. ఇంత విశాలమైన హెచ్చుతగ్గులున్న ఎంజైమ్ అమైనో ఆమ్లాల దారుల్లో ఇంకొకటి దొరకడం కష్టం.

ఎప్పుడూ తయారుచేస్తూ ఎప్పుడూ కూల్చడం దుబారా కాదా అని అడగవచ్చు. ఒక్కొక్క గొలుసు కట్టడానికి ఏటీపీ ఖర్చు ఉంది, కూల్చడానికీ ఉంది. కానీ జన్యువును మేల్కొలిపి, ఆర్‌ఎన్ఏ తీసి, మాంసకృత్తు కట్టేసరికి సమయం పోతుంది, ఈలోగా సిస్టీన్ హద్దు దాటుతుంది. తయారీ నడుస్తూనే ఉంటే కూల్చివేతను ఆపడమే తరువాయి. తిరిగి సిస్టీన్ తగ్గినా అంతే, ఎంజైమ్ తొందరగా మాయమవుతుంది, చివరి చుక్క సిస్టీన్‌ను తినేయడానికి మిగలదు. ఒళ్ళు ఇక్కడ పొదుపు కన్నా వేగాన్ని ఎంచుకుంది. విషమయ్యే సరుకు చేతిలో ఉన్నప్పుడు అది సరైన ఎంపికేనని నా నమ్మకం.

కరువు రోజున జరిగేది ఇంకా ముచ్చట గొలుపుతుంది. సిస్టీన్ తగ్గినప్పుడు ఈ ఎంజైమ్ మాయమవుతుంటే, సరిగ్గా అప్పుడే గ్లూటాథయోన్ తయారీలో మొదటి ఎంజైమ్ పెరుగుతుంది. ఉన్న కొద్దిపాటి సిస్టీన్ విరిగిపోకుండా, కణాలను కాపాడే గ్లూటాథయోన్‌లోకి మళ్ళుతుంది. గ్లూటాథయోన్ చాలినంత అయితే అదే తన తయారీని ఆపుతుంది, అప్పుడు మిగులు డయాక్సిజనేజ్ వైపు పొర్లుతుంది. ఒకే అమైనో ఆమ్లం రెండు ఎంజైములను రెండు వ్యతిరేక దిక్కుల్లో నడిపిస్తోంది. పైగా గ్లూటాథయోన్ అవసరమైనప్పుడు విడిపోయి సిస్టీన్‌ను తిరిగి ఇస్తుంది. మొదట్లో అమైనో ఆమ్లాలకు నిలవ చోటు లేదన్నాను. సిస్టీన్‌కు ఉన్న దాదాపు ఒకే ఒక్క నిలవ ఇదే.

డయాక్సిజనేజ్ అసలు లేకపోతే? దాని జన్యువును తీసేసిన చుంచెలుకలను స్టిపానక్ బృందం 2011లో వివరించింది. వాటిలో టారిన్ అడుగంటింది, పిల్లలు చాలావరకు చిన్నతనంలోనే చనిపోయాయి, బతికినవి సరిగా ఎదగలేదు. సిస్టీన్ వేరే దారి పట్టి హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారింది. కుళ్ళిన గుడ్ల వాసన వేసే ఆ వాయువు ఒంట్లో కొద్ది మోతాదులో అవసరమే, రక్తనాళాలను సడలించే పనులు చేస్తుంది. మోతాదు మించితే ఊపిరితో నడిచే మైటోకాండ్రియాను ఆపేస్తుంది. ఒంట్లో ఆ వాయువును హరించే దారిలో ఒకచోట థయోసల్ఫేట్ పుడుతుంది, అక్కడి నుంచి గంధకాన్ని అందుకునే ఎంజైమ్ పేరు రోడనీజ్.

రోడనీజ్‌ను రాయచూరు పశువుల డాక్టర్లు పేరు తెలిసినా తెలియకున్నా వాడుతూనే ఉంటారు. లేత జొన్న, వాన మొహం చాటేసి వాడిన జొన్న, కోసిన మోళ్ళ నుంచి లేచిన పిలకలు పశువు మేస్తే నాము తగులుతుంది. జొన్నలోని ధుర్రిన్ అనే పదార్థం పశువు పొట్టలో విడిపోయి సైనైడ్ ఇస్తుంది. రొప్పుతూ, నురగ కక్కుతూ, కాసేపట్లోనే పడిపోతుంది. అందుకే ఆ చేల వైపు మందను పోనివ్వకండని కాపరులు ఒకరికొకరు గట్టిగా చెప్పుకుంటారు. కాలేయంలో రోడనీజ్ సమృద్ధిగా ఉంది. సైనైడ్‌కు ఒక గంధకపు పరమాణువు తగిలిస్తే అది ఎన్నో రెట్లు తక్కువ విషమున్న థయోసయనేట్ అయి మూత్రంలో పోతుంది. లోటు ఎంజైమ్‌ది కాదు, గంధకానిది. సిస్టీన్ నుంచి ఆ రూపంలో గంధకం పుట్టే వేగం, దాడి వేగానికి చాలదు. డాక్టరు నరంలోకి ఎక్కించే సోడియం థయోసల్ఫేట్ ఆ గంధకమే. సమయానికి అందితే పశువు లేచి నిలబడుతుంది.

ఇంత నియంత్రణ చూశాక, చివరి మెట్టు దగ్గర నియంత్రణ లేకపోవడం వింతగా తోస్తుంది. డయాక్సిజనేజ్ తర్వాత గంధకంలో టారిన్ వైపు పోనిది సల్ఫైట్ అవుతుంది, సల్ఫైట్‌ను సల్ఫేట్ చేసేది సల్ఫైట్ ఆక్సిడేజ్. అందులో మాలిబ్డినం ఉందని 1971లో తేల్చినవారిలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కె.వి. రాజగోపాలన్ ఒకరు. ఈ ఎంజైమ్ తిండిని బట్టి పెరగడం, తరగడం పెద్దగా లేదు. అవసరానికి మించి ఎప్పుడూ ఉంటుంది. ఎలుకలకు మాలిబ్డినం బదులు టంగ్‌స్టన్ పెట్టి దాన్ని దాదాపు లేకుండా చేసినా, బయటినుంచి సల్ఫైట్ ఇవ్వనంతసేపు అవి మామూలుగానే తిరిగాయి. సల్ఫైట్‌తో ఒంటికి మరో అవసరం లేదు, దాన్ని దాచుకోవలసిన రోజంటూ రాదు, కాబట్టి ఆపే తోకలూ కూల్చే గుర్తులూ అక్కర్లేకపోయాయి. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ బొత్తిగా లేని పసివాళ్ళు మాత్రం మూర్ఛలతో, జారిన కంటి కటకాలతో చాలా బాధపడతారు. 1967లో అలాంటి మొదటి కేసును వర్ణించినవారిలో, మూడేళ్ళ ముందు హోమోసిస్టినూరియా మూలం పట్టిన హార్వీ మడ్డే ఉన్నాడు.

సల్ఫేట్ అయ్యాక గంధకం మూత్రపిండాల గుండా బయటపడుతుంది. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి అందులో సల్ఫేట్ కొలిస్తే, ఆ మనిషి ఎంత గంధకపు అమైనో ఆమ్లం తిన్నాడో దాదాపుగా చెప్పేయవచ్చు. పోషకాహార పరిశోధకులు ఇప్పటికీ ఆ కొలతను వాడుతున్నారు.